పద్నాలుగు మడతలు

నాకు నోరెక్కువ. ముప్పై ఒక్క ఏళ్ళు బడి వంటశాలలో మూడొందల మంది పిల్లలకి వండి వడ్డించినదాన్ని. గొంతు పెంచకపోతే అక్కడ ఒక్క పనీ జరగదు. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు, పడవలోనూ పోలేదు. మా ఆయన వెర్లిన్ నెమ్మదస్తుడు కాబట్టి సర్దుకుపోయాడు. మా అన్నయ్య గేలెన్ మాత్రం నాకు మాటలు వచ్చినప్పటి నుంచీ నాతో వాదిస్తూనే ఉన్నాడు, ఆరేళ్ళ క్రితం నవంబరు దాకా.

మా ఇద్దరి వాదనల్లో సగం తూటా మూతి గురించే. నవ్వేవాళ్ళు నవ్వండి. మా విస్కాన్సిన్ వైపు నదిలో బాతుల వేటకి సీసం గుళ్ళు వాడకూడదని చట్టం వచ్చాక అందరం ఉక్కు గుళ్ళకి మారాం. నీటి అడుగున పడ్డ సీసం తిని బాతులు, వాటిని తిని గద్దలు చచ్చిపోతుంటే కాదనేదెవరు? కానీ ఉక్కు తేలిక. సీసంలా దెబ్బ తగలాలంటే గుళ్ళు పెద్దవి కావాలి, వేగంగా పోవాలి, అందుకు నిదానంగా కాలే మందు దండిగా పోయాలి. ఇదంతా పట్టాల్సింది మాత్రం పేలిన ప్రతిసారీ ఏరుకుని మళ్ళీ నింపుకునే అదే పాత తూటా గొట్టంలో. ఇక మూతి మూయడానికి మిగిలే జాగా వేలి గోరంత. అక్కడే మా గొడవ.

మూయడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి మడత. ప్లాస్టిక్ గొట్టం అంచుని ఆరో ఎనిమిదో మడతలు పెట్టి లోపలికి నొక్కేయడం. రెండోది చుట్టు. గుళ్ళ మీద చిన్న అట్టబిళ్ళ పెట్టి, దాని మీదికి అంచుని గుండ్రంగా చుట్టేయడం. చుట్టు మూతికి జాగా తక్కువ చాలు, గుళ్ళు నాలుగు ఎక్కువ పడతాయి. మడత మూతి గట్టిగా పట్టుకుంటుంది, లోపల మందు బాగా అంటుకున్నాకే విచ్చుకుంటుంది. నాది మడత, అన్నయ్యది చుట్టు.

"ఆపిల్ పై రొట్టె అంచు నొక్కినట్టు నొక్కుతున్నావు. లోపల దాల్చినచెక్క కూడా వేశావా ఏంటే?" అనేవాడు తూటాలు నింపి నొక్కే నా ప్రెస్ పక్కన కాఫీ పట్టుకుని నిలబడి.

"నీవి బిళ్ళలంటించిన బొమ్మ తూటాలు. గట్టి చలి పడితే మందు అంటుకోకముందే మూతి ఊడి కూర్చుంటుంది. ఒకరోజు తుస్సుమంటుంది చూడు" అనేదాన్ని.

"ఇరవై ఏళ్ళుగా చుడుతున్నాను. తుస్సుమన్నది ఒక్కటి చూపించు."

"వస్తుందిలే ఆ రోజు కూడా."

వస్తుందిలే అన్నది నేనే. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో పడుతూ ఉంటుంది.

అన్నయ్య డ్యాం దగ్గర పడవలకి గేట్లెత్తే ఉద్యోగం చేశాడు. నీరు అంగుళం అటూ ఇటూ అయినా లెక్క రాసుకునే మనిషి. మందు చిటికెడు కూడా చూపుతో పోయడు, ప్రతిదీ త్రాసులో తూచాల్సిందే. మా వేట క్లబ్బులో అక్టోబరు మొదటి ఆదివారం కోత రోజు. ఇంట్లో తూటాలు చేసుకునే ప్రతివాళ్ళూ తమ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాలి. అందులోంచి ఎదుటివాళ్ళు ఒకటి ఏరి ఇస్తే, అందరి ముందూ కత్తితో కోసి, మందూ గుళ్ళూ తూచి చూపించాలి. అన్నయ్య తూటా కోసే వేళకి కొత్తవాళ్ళు కుర్చీలు ముందుకి లాక్కునేవాళ్ళు. కోత అయ్యాక సగం క్లబ్బు ఆయన దగ్గరే తూటాలు అడిగి పట్టుకెళ్ళేది. నా దగ్గర ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఆ కడుపుమంట నాకు లేదంటే అబద్ధమే.

ఆయన ఒక మాట పదేపదే చెప్పేవాడు.

"గొట్టానికి జ్ఞాపకం ఉంటుందే ఆర్డిస్. మొదట ఎన్ని మడతలు పెట్టారో మళ్ళీ అన్నే పెట్టాలి. ఎనిమిది మడతల గొట్టానికి ఆరు పెట్టావనుకో, పాత గీతలు ఒకవైపు లాగుతాయి, కొత్తవి ఇంకోవైపు లాగుతాయి. నడిమధ్య కన్నం మిగులుతుంది. అలాంటి మూతి ఏం పట్టుకుంటుంది, నా మొహం?"

"నాకు తెలీదా? నువ్వు చెప్పాలా?"

నిజంగానే తెలుసు. తెలిసే చేశాను.

ఆ నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ ముందు రోజు అది. మధ్యాహ్నం నుంచి వంటింట్లో ఓవెన్‌లో ఆపిల్ పైలు కాలుతున్నాయి, పక్క గదిలో నేను తూటాలు చేస్తున్నాను. పొద్దున్నే వేటకి వెళ్ళి, పన్నెండింటికి వచ్చి టర్కీ భోజనం చేయడం మా ఇంటి రివాజు. ఆ రోజే వెర్లిన్‌కి అరవై నిండుతాయి కూడా. ఇరవై ఒకటి చేశాక ఆరు మడతల గొట్టాలు అయిపోయాయి. డబ్బాకి ఇంకా నాలుగు తక్కువ. గూట్లో పాత ఆకుపచ్చ గొట్టాలున్నాయి, ఎనిమిది మడతలవి, ఇప్పటికే నాలుగైదుసార్లు పేలి మూతులు మెత్తబడినవి. వాటికి తగ్గట్టు ప్రెస్‌లో అచ్చు మార్చాలంటే అరగంట పని. ఓవెన్‌లోంచి పై రొట్టె మాడుతున్న వాసన వస్తోంది. ఆ నాలుగింటినీ ఆరు మడతల అచ్చు కిందే పెట్టి నొక్కేశాను. నడిమధ్య కన్నం మిగిలింది, సరిగ్గా అన్నయ్య చెప్పినట్టే. క్రిస్మస్ సామాను పెట్టెలోంచి ఎర్ర కొవ్వొత్తి తీసి, వెలిగించి, ఒక్కో కన్నంలో ఒక్కో చుక్క మైనం వేశాను. కన్నం కనపడకుండా పోయింది. డబ్బాలో పెడితే అన్నయ్య కంట పడతాయి. అందుకని గోడకి వేలాడుతున్న వెర్లిన్ కోటు జేబులో పడేశాను.

తెల్లారి నది అంచుల్లో గాజు పలకలా సన్నటి మంచు కట్టింది. నా కనురెప్పలు అంటుకుపోయేంత చలి. పడవలో ముగ్గురం ఉన్నాం, ముందు వెర్లిన్, నడుమ నేను, వెనక మోటారు దగ్గర అన్నయ్య. అప్పుడే కడిగి, కొత్తగా రంగేసిన పడవ. చీకటి పూర్తిగా విడవకముందే, వెనక అన్నయ్య చూడకుండానే, వెర్లిన్ తుపాకిలో ఒక తూటా పెట్టుకున్నాడు. అప్పుడు అన్నయ్య చేతి తొడుగు విప్పి ఒక డబ్బా ముందుకి అందించాడు.

"బావా, ఇదిగో నీ అరవై. ఒక్కోటీ నీ పేరు మీదే చేశాను."

అన్నీ నల్ల గొట్టాలు, చుట్టు మూతులు. ప్రతి అట్టబిళ్ళ మీదా పెన్సిల్‌తో 'వెర్లిన్' అని రాసుంది. వెర్లిన్ పసిపిల్లాడిలా నవ్వి, వాటిలోంచి రెండు తీసి తుపాకిలో ముందు పెట్టినదాని వెనక పెట్టుకున్నాడు.

"ఈ చలిలోనా ఆ బిళ్ళలు? పుట్టినరోజు పూట ఆయన్ని ఉత్త చేతులతో ఇంటికి పంపుతావు" అన్నాను నేను.

"నువ్వు కాస్త నోరు మూసుకుంటే బాతులు వస్తాయే" అన్నాడు అన్నయ్య.

ఎర్రతల బాతులు అయిదు వచ్చాయి, గాలికి ఎదురుగా, తక్కువ ఎత్తులో. వెర్లిన్ లేచి కాల్చాడు. పేలుడు రాలేదు. తలుపు సందులోంచి గాలి వదిలినట్టు ఒక శబ్దం వచ్చింది అంతే. నాలుగు గుళ్ళు ఎదురుగా నీళ్ళలో చిటపటలాడాయి. అలాంటి శబ్దం వింటే ఆగిపోవాలి, తుపాకి తెరిచి, ఏమన్నా ఇరుక్కుందేమో దాని గొట్టంలోకి చూడాలి. ఇది మా దగ్గర అందరికీ తెలుసు. అన్నయ్య "ఆగు బావా!" అని అరిచాడు కూడా. కానీ నలభై ఏళ్ళ అలవాటు, బాతులు ఇంకా పైనే ఉన్నాయి. వెర్లిన్ ఎడమ చెయ్యి అప్పటికే ముందుపిడిని లాగి తోసి రెండో తూటాని ఎక్కించేసింది. మొదటి తూటా ఖాళీ గొట్టం ఎగిరి పడవలో ఎక్కడో పడింది. రెండోది పేలింది.

ఆ మొదటి తూటాలో గుళ్ళని పట్టుకునే ప్లాస్టిక్ కప్పు తుపాకి గొట్టంలో సగం దారిలో ఇరుక్కుపోయింది. రెండో తూటా దాన్ని గుద్దుకుంది. తుపాకి గొట్టం సరిగ్గా ఎడమ చెయ్యి ఉన్న చోటే చీలింది.

చూపుడు వేలు, మధ్య వేలు పోయాయి. అన్నయ్య బెల్టు తీసి మణికట్టుకి బిగించి, తన చొక్కా చుట్టి, రేవుదాకా మోటారు ఆపకుండా తెచ్చాడు. చొక్కా లేకుండా ఆ చలిలో. నేనేం చేశాను? రేవులో అంబులెన్సువాళ్ళ ముందు, వేట శాఖ అధికారి ముందు ఆయన్ని వేలెత్తి చూపించాను.

"నీ చుట్టు మూతే! ఊడిపోతుందని చెబుతూనే ఉన్నాను. చెబితే విన్నావా? నా మొగుడి చెయ్యి తీశావు!"

అన్నయ్య తల దించుకున్నాడు.

"నాదే" అన్నాడు. "నా తూటాయే."

చీలిన తుపాకిలో చిక్కుకున్న తూటా గొట్టం నల్లదే, చుట్టు మూతిదే. మొదటి గొట్టం కోసం అధికారి పడవలో కాసేపు వెతికాడు, దొరకలేదు. నీళ్ళలో పడిపోయి ఉంటుందన్నారు. రెండోది ఆయనదైతే మొదటిదీ ఆయనదే కదా అని అందరూ అనుకున్నారు. ఆయన కూడా అదే అనుకున్నాడు.

వెర్లిన్ ఫిడేలు వాయించేవాడు. శనివారం శనివారం చర్చి హాల్లో డాన్సులకి ఆయన ఫిడేలు లేకపోతే మా ఊళ్ళో ముసలీముతకా కుర్చీల్లోంచి లేచేవాళ్ళు కాదు. కమాను పట్టే చెయ్యి బాగానే ఉంది, తీగలు నొక్కే చెయ్యి పోయింది. ఆసుపత్రిలో మూడో రోజు ఆయన మెల్లగా అన్నాడు.

"ఆర్డిస్, మొదటిది డబ్బాలోంచి తీశానో జేబులోంచి తీశానో నాకు సరిగ్గా గుర్తు రావట్లేదు."

"మందుల మత్తులో ఉన్నావు. పడుకో" అన్నాను.

ఆసుపత్రివాళ్ళు రక్తపు కోటు సంచిలో కట్టి ఇచ్చారు. దాన్ని విప్పకుండానే చెత్తకుండీలో పడేశాను. జేబులో నాలుగున్నాయో, మూడే ఉన్నాయో చూడటానికి చెయ్యి పెట్టలేదు. గుర్తు లేక కాదు. ఆ సంచి పట్టుకుని కుండీ దగ్గర నిలబడ్డప్పుడు జేబు సంగతి నా మనసులో తళుక్కుమంది. చూస్తే తెలిసిపోతుంది. చూడలేదు. చూడలేదు కాబట్టి నాకు తెలీదని ఆరేళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను.

మరుసటి అక్టోబరులో కోత రోజుకి అన్నయ్య వచ్చాడు. డబ్బా బల్ల మీద పెట్టాడు. ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఒకాయన దగ్గాడు, ఇంకొకాయన కాఫీ పోసుకోవడానికి లేచాడు. నేను ఎదురుగానే కూర్చున్నాను, వెర్లిన్ నా పక్కన తొడుగేసుకున్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. అన్నయ్య కాసేపు చూసి, డబ్బా మూసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. తర్వాత మళ్ళీ రాలేదు. ఊళ్ళో ఇల్లు అమ్మేసి, నది మీద పాతిక మైళ్ళ ఎగువన వాగు ఒడ్డున చిన్న ఇంట్లోకి మారాడు. మొదటి క్రిస్మస్‌కి కార్డు పంపాడు. నేను తిప్పి పంపేశాను. రెండో ఏడు కార్డు రాలేదు.

"మీ అన్నయ్యకి ఒక ఫోను చేద్దామే" అని వెర్లిన్ అప్పుడప్పుడు అనేవాడు.

"పోయింది నీ వేళ్ళు. సిగ్గు లేదా నీకు?" అనేదాన్ని. 

శుక్రవారం క్లబ్బులో చేపల వేపుడు తింటూ జనం అన్నయ్య గురించి చెప్పుకునేవాళ్ళు. సీజన్ అయిపోయాక, జనవరిలో, గడ్డకట్టిన వాగు మీద ఒక్కడే తుపాకి కాలుస్తుంటాడట. బాతు ఉండదు, పిట్ట ఉండదు, ఊరికే కాలుస్తాడట. పైన ఏదో వదులైందని ఒకాయన తల తట్టుకుని చూపించాడు. అందరితో పాటు నేనూ నవ్వాను.

పోయిన నెల పడవ అమ్మకానికి పెట్టాం. ఆ రోజు బోర్లించి షెడ్డులో పెట్టినది, ఆరేళ్ళూ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కొనేవాళ్ళు వచ్చేలోపు కడుగుదామని తిప్పించి, అడుగున పరిచిన చెక్కలు ఒక్కొక్కటే ఊడదీశాను. వెనక చెక్క కింద, అతుకుకి పూసిన తారులో, ఒక తూటా గొట్టం అంటుకుని ఉంది. ఆకుపచ్చది.

ఆ పడవకి రంగేశాక దాంట్లోంచి కాల్చినవి రెండే తూటాలు. ఒకటి తుపాకిలో దొరికింది.

గొట్టం మూతి తుడిచి వెలుగులో పెట్టి చూశాను. మడతలు పెట్టిన గొట్టం పేలినా గీతలు పోవు. ఎనిమిది పాత గీతలు, వాటి మధ్య అడ్డదిడ్డంగా ఆరు కొత్తవి. రెండు గీతల సందులో ఎర్రగా ఏదో ఉంది. గోటితో గీకితే మైనం.

మూడు రోజులు దాన్ని ఏప్రన్ జేబులో పెట్టుకుని తిరిగాను. ఒకసారి కట్టెల పొయ్యి తలుపు తీసి దాని ముందు నిలబడ్డాను కూడా. వేస్తే అర నిమిషంలో కరిగిపోతుంది. ఎందుకు వెయ్యలేదో నాకు తెలీదు. మంచిదాన్ని కాబట్టి అని మాత్రం అనుకోకండి. బహుశా భయం వేసి ఉంటుంది, కోటు పడేసినట్టు దీన్నీ పడేస్తే ఇక నాలో ఏం మిగలదని.

నాలుగో రోజు పొద్దున వెర్లిన్ ఓట్స్ జావ తింటుంటే గొట్టం బల్ల మీద పెట్టాను. ఉన్నదంతా చెప్పాను. గొట్టాలు, అచ్చు, కొవ్వొత్తి, కోటు, కుండీ. ఆయన మూడు వేళ్ళ చేత్తో దాన్ని బల్ల మీద అటూ ఇటూ దొర్లించాడు.

"జేబులోంచే తీశాను. చీకట్లో మూతి మీద చల్లగా, నున్నగా ఏదో చుక్క తగిలింది వేలికి. అదేనన్నమాట" అన్నాడు.

"తిట్టు వెర్లిన్. ఏదో ఒకటి అను."

"నా వేళ్ళ గురించి తర్వాత మాట్లాడుకుందాం. అవి ఎలాగూ రావు." గొట్టం నా వైపు తోశాడు. "ముందు మీ అన్నయ్య దగ్గరికెళ్ళు. ఇవాళే వెళ్ళు. నేను రాను, నేనుంటే నువ్వు నా మీద పెట్టి మాట్లాడతావు."

ఆ మనిషి నాతో ముప్పై ఎనిమిదేళ్ళు కాపురం చేశాడు. నన్ను ఎక్కడ పట్టుకోవాలో ఆయనకి తెలుసు.

కారు నడుపుతున్నంతసేపూ, సిగ్గు చెబుతున్నాను, నాకు కొంచెం తేలిగ్గానే ఉంది. తప్పు నాదని చెబితే అన్నయ్య బరువు దిగిపోతుందనుకున్నాను. తిడతాడు, అరుస్తాడు, ఆ తర్వాత కాఫీ పెడతాడు. చెడ్డ కబురు కాదు, మంచి కబురే పట్టుకెళుతున్నానని మనసుకి సర్దిచెప్పుకున్నాను. వెనక సీట్లో ఆపిల్ పై కూడా పెట్టుకున్నాను. పై!

అన్నయ్య తలుపు తీసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. బాగా సన్నబడ్డాడు. గడ్డం తెల్లబడింది.

"వెర్లిన్‌కి ఏమైంది?" అన్నాడు. ఆరేళ్ళ తర్వాత నన్ను చూసి అడిగిన మొదటి మాట అది.

"ఆయన బాగానే ఉన్నాడు అన్నయ్యా."

"చలికి చెయ్యి లాగుతోందా?"

"లాగుతుంది అప్పుడప్పుడు. నన్ను లోపలికి రానిస్తావా?"

పక్కకి తప్పుకున్నాడు. ఒకటే గది. పొయ్యి, మంచం, కిటికీ కింద తూటాల ప్రెస్. అమ్మేశాడని విన్నాను, అమ్మలేదు. దాని పక్కన స్కూలు పిల్లలు రాసుకునే నోటు పుస్తకాలు వరసగా ఉన్నాయి. గొట్టాన్ని ఆయన అరచేతిలో పెట్టాను.

"పడవ చెక్క కింద దొరికింది. మొదటిది ఇదే అన్నయ్యా. నీది కాదు. నేను చేసింది."

ఆయన కళ్ళజోడు కోసం వెతకలేదు. బొటనవేలితో మూతి చుట్టూ తడుముతూ పెదాలు కదుపుతున్నాడు. లెక్క పెడుతున్నాడని కాసేపటికి అర్థమైంది.

"పద్నాలుగు" అన్నాడు.

"అవును."

"ఎనిమిది దాని మీద ఆరు పెట్టావు."

"అవునన్నయ్యా."

"చెప్పాను కదే" అన్నాడు. కోపంగా అనలేదు. గేటు దగ్గర నీళ్ళ మట్టం చదివినట్టు అన్నాడు. "మైనం కూడా వేశావు. మైనం నీళ్ళు రాకుండా ఆపుతుంది గానీ మూతిని పట్టుకుంటుందా ఏమన్నా?"

"నేను చేసింది తప్పు. నిన్ను అందరి ముందూ అన్నది అంతకంటే పెద్ద తప్పు. కోటు జేబు చూడకుండా పారేశాను, కావాలనే చూడలేదు. ఆదివారం కోత రోజు. ఇది బల్ల మీద పెట్టి అందరికీ నేనే చెబుతాను. ఒక్క ముక్క కూడా దాచను. నువ్వూ రా."

"నువ్వు చెప్పుకో. నన్ను రమ్మనకు."

"తిట్టు అన్నయ్యా, కనీసం."

"రేపు వస్తుందేమో కోపం. ఇవాళ ఇంకా..." అని ఆగిపోయాడు. కుర్చీలో కూలబడి నోటు పుస్తకాల వైపు చూస్తున్నాడు. అవేంటని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. చెయ్యి చాచి వరసలో మొదటిది తెరిచాను. ఆయన గుండ్రటి చేతిరాత. తేదీ, చలి ఎంత, మందు ఎంత, చుట్టు ఎంత లోతు. ప్రతి వరస చివరా ఒకే మాట. 'బాగానే పేలింది.' పేజీ తిప్పాను. బాగానే పేలింది. బాగానే పేలింది.

"ఆ రోజు చేసినట్టే చేశాను, అదే మందు, అవే బిళ్ళలు" అన్నాడు అన్నయ్య. "వారం రోజులు ఫ్రీజర్లో పెట్టి, గట్టి చలి పడ్డ రోజు చూసి వాగు మీదికి తీసుకెళ్ళేవాణ్ణి. ఒక్కోటి కాల్చడం, తుపాకి గొట్టంలోకి చూడటం, రాసుకోవడం. ఎక్కడ తప్పు చేశానో తెలియాలి కదా. పదకొండు వందల నలభై రెండు పేల్చాను ఆర్డిస్. ఒక్కటి కూడా తుస్సుమనలేదు."

జనవరి కాల్పులు. నేను నవ్విన కాల్పులు.

"మరి అన్ని బాగా పేలితే నీ తప్పు కాదని తెలిసి ఉండాలి కదా అన్నయ్యా?"

"పదకొండు వందలు బాగా పేలాయంటే ఆ పదకొండు వందలు బాగున్నట్టు. బావ తుపాకిలో ఉన్నది బాగున్నట్టు కాదుగా. ఇంకొక్కటి పేలిస్తే దొరుకుతుందేమో అనిపించేది."

లేచి మూలకి వెళ్ళి ఫ్రీజర్ మూత ఎత్తాడు. జింక మాంసం పొట్లాల పక్కన రెండు తూటాల డబ్బాలున్నాయి. ఒకటి తీసి మూత తెరిచి నాకు చూపించాడు. నల్ల గొట్టాలు, చుట్టు మూతులు, ఒక్క వంకర లేదు. ప్రతి అట్టబిళ్ళ మీదా పెన్సిల్‌తో అంకె వేసి ఉంది. 1143. 1144. 1145. రాబోయే జనవరికి ముందే రాసి పెట్టుకున్నాడు.

డబ్బా నుంచి చలి పొగ లేస్తోంది. అరవై తొమ్మిదేళ్ళ మా అన్నయ్య దాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, ఎత్తిపొడుపుగా కాదు, నిజంగానే తెలియక నన్ను అడిగాడు.

"ఇప్పుడు వీటినేం చెయ్యనే?"

మూడొందల మంది పిల్లల్ని ఒక్క కేకతో వరసలో నిలబెట్టినదాన్ని. నాకు నోరు పెగల్లేదు.